యల్లాప్రగడ సుబ్బారావు: మెట్రిక్‌లో రెండుసార్లు ఫెయిల్.. కణంలోని శక్తి గుట్టు విప్పిన భీమవరం డాక్టర్

చెయ్యి ఎత్తినా, అడుగు వేసినా మన ఒంట్లో ఖర్చయ్యేది ఏటీపీ. ప్రతి జీవకణాన్నీ నడిపించే ఈ పదార్థాన్ని 1929లో హార్వర్డ్ మెడికల్ స్కూల్ ల్యాబ్‌లో గుర్తించిన ఇద్దరిలో ఒకరు మన తెలుగువారే. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. మూడో ప్రయత్నంలో గానీ మెట్రిక్ గట్టెక్కలేదు. మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరాక గాంధీజీ పిలుపు విని ఖద్దరు సర్జికల్ గౌను వేసుకున్నారు. అది తెల్ల ప్రొఫెసర్‌కు నచ్చలేదు. దాంతో ఎంబీబీఎస్‌కు బదులు చిన్నదైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఆయుర్వేద కాలేజీలో అనాటమీ పాఠాలు చెప్పుకున్నారు.

ఆలోపే ఇంట్లో పెద్ద దెబ్బ. కొద్ది రోజుల తేడాలో ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. అప్పట్లో దానికి సరైన మందే లేదు.

రాత్రి పోర్టర్.. పగలు ల్యాబ్

మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ అండతో 1922లో బోస్టన్ చేరారు. ఖర్చుల కోసం ఆస్పత్రిలో నైట్ పోర్టర్‌గా పనిచేశారు. తర్వాత హార్వర్డ్ మెడికల్ స్కూల్‌లో సైరస్ ఫిస్కే ల్యాబ్‌లో చేరారు.

ఇద్దరూ కలిసి 1925లో శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్ ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతి ప్రకటించారు. ఫిస్కే-సుబ్బారావు మెథడ్‌గా బయోకెమిస్ట్రీ విద్యార్థులకు ఇది సుపరిచితం. ఆ కొలతే వాళ్లకు దారి చూపింది. కండరం పనిచేస్తే ఫాస్ఫోక్రియాటిన్ తగ్గుతోంది, విశ్రాంతి దొరికితే మళ్లీ పెరుగుతోంది. 1927లో ఈ సంగతి బయటపడటంతో, కండరాల కదలికకు లాక్టిక్ యాసిడే కారణమన్న వాదన బలహీనపడింది. ఆ వాదన వెనకున్న పరిశోధనలకు 1922 నోబెల్ కూడా వచ్చింది మరి!

రెండేళ్లకు ఏటీపీ దొరికింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నారు. ఇంత చేసినా సుబ్బారావుకు హార్వర్డ్‌లో పర్మినెంట్ పోస్టు దక్కలేదు.

సోదరులను కాపాడలేని రోజుల నుంచి..

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ల్యాబ్స్‌కు మారారు. 1945లో ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. తన సోదరులను బలిగొన్న స్ప్రూ చికిత్సకు పనికొచ్చింది ఇదే.

అక్కడితో ఆగలేదు. కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. అచ్చం దానిలా కనిపించే నకిలీ అణువును పంపితే కేన్సర్ కణాల పెరుగుదల ఆగాలి. అలా లెడర్లీలో తయారైన అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ బ్లడ్ కేన్సర్ పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి తాత్కాలికంగానైనా జబ్బు నెమ్మదించింది. 1948లో ఈ ఫలితాలు వైద్యలోకాన్ని కదిలించాయి. దాని తోబుట్టువు లాంటి మందే మెథోట్రెక్సేట్. నేటికీ కేన్సర్‌కు, కీళ్లవాతానికి వాడుతున్నారు. బోదకాలు మందు డీఈసీ, టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన సారథ్యంలోనే వచ్చాయి.

1948 ఆగస్టులో గుండెపోటుతో న్యూయార్క్‌లో కన్నుమూశారు. వయసు 53 ఏళ్లే. అమెరికా వెళ్లాక మళ్లీ సొంతూరు చూడలేదు, భార్య శేషగిరినీ చూడలేదు. నోబెల్ రాలేదు. 1995లో శతజయంతికి భారత ప్రభుత్వం స్టాంపు విడుదల చేసింది.

గర్భిణులకు ఇచ్చే ఐరన్-ఫోలిక్ యాసిడ్ మాత్ర, బోదకాలు రాకుండా ఇంటింటికీ పంచే డీఈసీ మాత్ర.. మింగేవాళ్లలో చాలామందికి వాటి వెనకున్న భీమవరం డాక్టర్ పేరు ఇప్పటికీ తెలియదు.