ఫిలిప్ విన్సెంట్ – ముందు చక్రం

మా నాన్న మోపెడ్ వెనక ఎరువు బస్తా వేసుకొస్తుంటే హేండిలు తేలిపోతుంది. ఎందుకో అని వెతుకుతుంటే నాకు తగిలినవాడు ఫిలిప్ విన్సెంట్.

1908లో ఇంగ్లండులో పుట్టాడు. తండ్రికి అర్జెంటీనాలో పశువుల క్షేత్రం. విన్సెంట్ కేంబ్రిడ్జిలో ఇంజనీరింగు చదివాడు. 1928లో, ఇరవయ్యేళ్ళకే, తండ్రి డబ్బుతో హెచ్.ఆర్.డి. అనే మోటారు సైకిళ్ళ కంపెనీ పేరు కొన్నాడు. నాకూ ఇరవయ్యే. నాన్నని పరీక్ష ఫీజు అడగడానికే నోరు రాదు!

స్టీవెనేజ్‌లో ఫ్యాక్టరీ. ఆస్ట్రేలియా నించి వచ్చిన ఫిల్ ఇర్వింగ్ తోడయ్యాడు. 1936లో 998 సి.సి. రాపిడ్ బండి, 1948లో గిర్‌డ్రాలిక్ ఫోర్కు వచ్చాయి.

మిత్రులారా, అసలు సంగతి ఈ ఫోర్కులో ఉంది. హేండిలు తిరిగే ఇరుసు గీతని నేలదాకా పొడిగించి చూడండి. టైరు నేలని తాకే చోటుకి కాస్త ముందు పడుతుంది. ఆ ఎడమే ట్రెయిల్. అది ఎక్కువైతే బండి తిన్నగా పోతుంది గానీ తిప్పడం బరువు. సైడ్‌కారు తగిలిస్తే బండి ఒరగదు కదా, మలుపులో అంతా హేండిలుతోనే లాగాలి, చేతులు పడిపోతాయి. అందుకని ఫోర్కు కింది లింకు దగ్గర ఎక్సెంట్రిక్ పెట్టారు. దాన్ని సగం చుట్టు తిప్పితే ట్రెయిల్ తగ్గుతుంది, స్ప్రింగూ బిగుస్తుంది. ఫోర్కు మార్చే పనే లేదు.

ఆ 1948లోనే రోలీ ఫ్రీ అనే అమెరికన్ బోనవిల్ ఉప్పు మైదానంలో విన్సెంట్ బండి మీద గంటకి 150 మైళ్ళు దాటాడు.

ఇంత చేసినా గిట్టుబాటు కాలేదు. 1955లో తయారీ ఆగింది. విన్సెంట్ 1979లో పోయాడు.

నాన్న ఇప్పుడు బస్తా ముందు వేసుకొస్తున్నాడు. సలహా నాదే.