కొత్వాల్ గారి హాస్టల్

మాది కల్వకుర్తి. రైలు లేని ఊరు. సిటీకి రావాలంటే శ్రీశైలం రోడ్డు మీద బస్సే దిక్కు. సెకండియర్ అయిపోగానే జూనియర్లకి రూములు కావాలని మమ్మల్ని హాస్టల్ ఖాళీ చేయమన్నారు. నలుగురం దోస్తులం ఇల్లు వెతకడం మొదలుపెట్టాం. రెండు ఆదివారాలు, పదకొండు టులెట్ బోర్డులు. కొందరు బ్యాచిలర్స్ అనగానే గేటు వేసేశారు. కొందరు కూర వండుతారా అని అడిగి, అది ఏ కూరో తేల్చుకుని మరీ వద్దన్నారు.

ఒక ఇల్లు మాత్రం అన్ని విధాలా కుదిరింది. రెండు గదులు, వంటగది, బోరు నీళ్లు, కాలేజీకి నడిచి పోయే దూరం. ఓనర్ మా ఊళ్లు అడిగాడు, పేర్లు అడిగాడు, ఇంటిపేర్లు అడిగాడు. నాలుగోవాడి దగ్గర ఇంటిపేరుతో ఆగలేదు, కులమే అడిగేశాడు. వాడు దాచకుండా చెప్పాడు. ఐదు నిమిషాల్లో ఆ ఇంట్లోకి ఓనర్ చుట్టాలు దిగబోతున్నారని తెలిసింది. మేం వీధి మలుపు తిరిగేదాకా టులెట్ బోర్డు అక్కడే వేలాడుతూ ఉంది.

తిరుగు బస్సులో ఎవరం మాట్లాడలేదు. నారాయణగూడలో ట్రాఫిక్ ఆగినప్పుడు రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి మహిళా కళాశాల బోర్డు కనబడింది. ఆయన మా పాలమూరు వాడని, చదువుకునే పిల్లలకి హాస్టల్ పెట్టించాడని ఇంట్లో ఎప్పుడో విన్నాను. ఆ రోజు మనసులో ఉన్నది ఒక్కటే: ఉండడానికి ఒక గది. అందుకే ఆయన గురించి చదవడం మొదలుపెట్టాను.

వెంకటరామారెడ్డి 1869లో వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో పుట్టారు. పసితనంలోనే తల్లి పోయింది. అమ్మమ్మ దగ్గర పెరిగారు. మనలాగా డిగ్రీలు లేవు. ఉర్దూ, పారశీకం నేర్చుకున్నారు, నిజాం కొలువులో ఉద్యోగానికి అదే దారి. ఇరవై ఏళ్లు కూడా నిండకముందే రాయచూరు వైపు ముద్గల్‌లో పోలీసు అమీన్‌గా చేరారు. అక్కడి నుంచి జిల్లాలు తిరుగుతూ ఒక్కో మెట్టే ఎక్కి హైదరాబాద్‌లో నాయబ్ కొత్వాల్ అయ్యారు. 1920లో కొత్వాల్ అయ్యారు. ఇప్పటి లెక్కలో సిటీ పోలీస్ కమిషనర్. అంతకుముందు ఆ కుర్చీలో ముస్లిం అధికారులే ఉండేవారు. 1934 దాకా, అంటే పద్నాలుగేళ్లు, ఆ పదవిలో ఉన్నారు. రాజా బహద్దూర్ అన్నది నిజాం ఇచ్చిన బిరుదు.

ఇదంతా ఉద్యోగం కథ. నన్ను ఆపింది మాత్రం 1918. ఆ ఏడాదే ఉస్మానియా యూనివర్సిటీ పుట్టింది. అదే ఏడాది వెంకటరామారెడ్డి పూనికతో రెడ్డి హాస్టల్ మొదలైంది. ఒకటి చదువు చెప్పే చోటు, ఇంకొకటి ఆ చదువు కోసం వచ్చినవాడు తిని పడుకునే చోటు. రెండోది లేకపోతే మొదటిదాని వల్ల పల్లెటూరి పిల్లవాడికి ఏం లాభం? అప్పట్లో నిజాం రాజ్యంలో హైస్కూళ్లే తక్కువ. పాలమూరు, నల్లగొండ పల్లెల్లోని పిల్లవాడు పెద్ద చదువు చదవాలంటే హైదరాబాద్ రావాల్సిందే. ఊళ్లో వందల ఎకరాలున్న ఇంటి కొడుకైనా సరే, సిటీలో తెలిసినవాళ్లు లేకపోతే తిండికీ పడకకీ తిప్పలే. బంధువుల ఇంట్లో ఎన్నాళ్లని ఉంటాడు? చాలామంది చదువు తెలివి లేక కాదు, చోటు లేక ఆగిపోయేది.

మా కల్వకుర్తి తాలూకాలోని పడకల్‌లో 1899లో పుట్టిన బూర్గుల రామకృష్ణారావు సంగతే చూడండి. హైదరాబాద్‌లో 1915లో మెట్రిక్ పాసై, తర్వాత పుణెలో ఫెర్గూసన్ కాలేజీకి, లా కోసం బొంబాయికి పోయారు. 1952లో హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన హైదరాబాద్‌లో చదివే రోజులకి ఈ హాస్టల్ ఇంకా లేదు. అట్లా ఊరు దాటి, రాజ్యం దాటి పోగలిగినవాళ్లు ఎందరుంటారు?

పోలీసు అధికారిగా వెంకటరామారెడ్డికి పలుకుబడి ఉంది. దాన్ని చందాలకి వాడారు. సంస్థానాధీశుల దగ్గర, దేశ్‌ముఖుల దగ్గర డబ్బు కూడగట్టి హాస్టల్‌ని నిలబెట్టారు. తర్వాత అక్కడ సురవరం ప్రతాపరెడ్డి కార్యదర్శిగా పనిచేశారు. 1926లో గోల్కొండ పత్రిక మొదలుపెట్టింది, ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసింది ఆయనే. ఈ కొత్వాల్ జీవిత చరిత్ర రాసిందీ ఆయనే. సురవరం చేతుల్లో ఆ హాస్టల్ గ్రంథాలయం బాగా పెరిగింది. ఉర్దూలో చదువుకుంటున్న పిల్లలకి తెలుగు పుస్తకాలు, పత్రికలు అందిన చోటు అది. మన క్లబ్‌లో రాసేవాళ్లం ఆ గదిని ఒకసారి తలుచుకోవాలి.

అక్కడ ఉండి చదివినవాళ్లలో నల్లగొండ జిల్లా బొల్లేపల్లి నుంచి వచ్చిన రావి నారాయణరెడ్డి ఒకరు. నిజాం మీద సాయుధ పోరాటానికి నాయకత్వం వహించిన మనిషి, నిజాం కొత్వాల్ పెట్టించిన హాస్టల్లో అన్నం తిన్నాడు! వెంకటరామారెడ్డి రాజుకి నమ్మకస్తుడే, విప్లవకారుడు కాదు. కానీ పిల్లలకి ఒక గది, ఒక గ్రంథాలయం ఇచ్చాక వాళ్లు ఏం ఆలోచించాలన్నది ఇచ్చినవాడి చేతిలో ఉండదు. ఆడపిల్లల చదువుకీ ఆయన అండగా నిలిచారు. 1953లో కన్నుమూశారు. నేను బస్సులోంచి చూసిన ఆ మహిళా కళాశాల మరుసటి ఏడాది మొదలైంది.

ఇక్కడితో ముగిస్తే మంచి కథే. కానీ ఆ ఆదివారం ఓనర్ అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. హాస్టల్ పేరులోనే ఒక కులం ఉంది. తర్వాత సిటీలో వైశ్య హాస్టల్, మున్నూరు కాపు హాస్టల్, గౌడ హాస్టల్... ఒక్కో కులం తన పిల్లలకి తను చోటు చూసుకుంది. అప్పటి పరిస్థితిలో చందా అడగడానికి కులమే దగ్గరి దారి అని అర్థమవుతుంది. వాటివల్ల వేలమంది పల్లెటూరి పిల్లలు చదువుకున్నారన్నదీ నిజమే. అయితే చందాలిచ్చే దేశ్‌ముఖులు ఏ కులంలో లేరో, ఆ కులం పిల్లవాడి సంగతేంటి? అదే హైదరాబాద్‌లో, ఆ రోజుల్లోనే, భాగ్యరెడ్డి వర్మ దళిత పిల్లలకి బడులు పెట్టడానికి ఎంత పోరాడాల్సి వచ్చిందో కూడా చదివాను. మా నాలుగోవాడు 1918లో పాలమూరు నుంచి వచ్చి ఉంటే, ఆ బోర్డు చూసి తలుపు తట్టే ధైర్యం చేసేవాడా? వాణ్నే అడిగాను. నవ్వి ఊరుకున్నాడు.

వెంకటరామారెడ్డిని తక్కువ చేయడానికి ఇది రాయట్లేదు. చదువు అంటే ఫీజు, పుస్తకాలే కాదు, ముందు తల దాచుకునే చోటు అని ఆయన కనిపెట్టారు, దాని కోసం పనిచేశారు. ఆయన తెరిచింది సగం తలుపు. మిగతా సగం తెరవడానికి మనకి వందేళ్లు దొరికాయి. ఏం చేశాం?

మాకు చివరికి ఇల్లు దొరికింది. ఓనర్ ఒక పెద్దమ్మ. ఐదో తారీఖులోపు కిరాయి ఇవ్వాలి, నీళ్లు వృథా చేయొద్దు, ఈ రెండే చెప్పింది. అగ్రిమెంట్ మీద నలుగురి పేర్లూ ఉన్నాయి, వాడి పేరే మొదట రాయించాం.

మొన్న కల్వకుర్తి నుంచి ఒక జూనియర్ ఫోన్ చేశాడు. సీటొచ్చింది, రూము దొరకలేదన్నాడు. దొరికేదాకా మా హాల్లో చాప వేసుకోమన్నాను. ఎక్కడ దిగాలో, ఏ బస్సు ఎక్కాలో చెప్పి ఫోన్ పెట్టేశాను. ఇంటిపేరు అడగలేదు.