ఆజాద్ చేతిలోని చిన్న పిస్టల్

చంద్రశేఖర్ ఆజాద్ అనగానే మన కళ్ల ముందు కదిలేది ఒకటే బొమ్మ. చొక్కా లేని ఒళ్లు, భుజం మీద జంధ్యం, మీసం మెలేస్తున్న చెయ్యి. పంద్రాగస్టుకు బడిలో పిల్లలకు ఆ వేషం వేసినప్పుడు నడుముకు ఒక బొమ్మ పిస్టల్ కూడా దోపుతాం. ఆయన వాడిన అసలు పిస్టల్ ఇప్పుడు అలహాబాద్ మ్యూజియంలో ఉంది. అమెరికాలో కోల్ట్ కంపెనీ చేసింది, .32 బోర్, కోటు జేబులో పట్టేంత చిన్నది.

ఆ బోర్ మన వ్యాపార కుటుంబాలకు కొత్తదేమీ కాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం 9 ఎంఎం, .38 లాంటివి నిషిద్ధ బోర్లు. అందుకని సామాన్యుడు లైసెన్సు మీద కొనే రివాల్వర్లలో, పిస్టళ్లలో ఎక్కువగా కనిపించేది .32నే. నగల దుకాణం వాళ్లో, రాత్రిళ్లు డబ్బుతో ప్రయాణం చేసే కాంట్రాక్టర్లో కూర్చుని లైసెన్సు గురించి మాట్లాడుకుంటే ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఇంత చిన్న తూటా మన ప్రాణం కాపాడుతుందా? ఆ ప్రశ్న మనసులో పెట్టుకుని ఈసారి ఆజాద్ జీవితాన్ని చెప్పుకుందాం.

ఆయన 1906 జూలై 23న భావ్‌రాలో పుట్టారు. అప్పట్లో అది అలీరాజ్‌పూర్ సంస్థానంలోని ఊరు, ఇప్పుడు మధ్యప్రదేశ్‌లో ఉంది. తండ్రి సీతారాం తివారీ, తల్లి జగ్‌రాణీ దేవి. వాళ్లది ఉన్నావ్ జిల్లా బదర్కా గ్రామం. బతుకుతెరువు కోసం అంత దూరం వచ్చి స్థిరపడ్డ కుటుంబం. చుట్టూ భిల్లుల పల్లెలు. ఆ పిల్లలతో తిరిగే చంద్రశేఖర్‌కు విల్లు పట్టడం, గురి చూడటం చిన్నప్పుడే అబ్బాయి.

తల్లి కోరిక మీద సంస్కృతం చదవడానికి కాశీ వెళ్లారు. 1921లో గాంధీజీ సహాయ నిరాకరణ పిలుపు విని ఉద్యమంలో దూకి అరెస్టయ్యారు. మేజిస్ట్రేటు పేరడిగితే ఆజాద్ అన్నారు. తండ్రి పేరు స్వాతంత్ర్యం అని, ఇల్లు జైలు అని చెప్పారు. 15 ఏళ్ల ఆ కుర్రాడికి 15 కొరడా దెబ్బల శిక్ష పడింది. తివారీ అన్న ఇంటిపేరు అక్కడితో పోయి ఆజాద్ మిగిలారు. ఇకమీదట ప్రాణాలతో పోలీసులకు దొరకనని పట్టుబట్టారు. మాట నిలబెట్టుకున్నారు కూడా.

గాంధీజీ ఉద్యమాన్ని ఆపేశాక ఆజాద్ రాంప్రసాద్ బిస్మిల్ దళంలో చేరారు. 1925 ఆగస్టు 9న లక్నో దగ్గర కాకోరీలో రైలు ఆపి ప్రభుత్వ సొమ్ము తీసుకున్నారు. ఆ హడావుడిలో దళ సభ్యుడి చేతిలోని మౌజర్ పేలి, ఏ పాపం తెలియని ప్రయాణికుడొకరు చనిపోయారు. ఆత్మరక్షణకని తుపాకీ కొనేవాళ్లు ఈ ఘట్టాన్ని మరవకూడదు. తూటాకు ఎదురుగా ఉన్నవాడు శత్రువో కాదో తెలియదు. ఆ కేసులో బిస్మిల్, అష్ఫాఖుల్లా ఖాన్, రాజేంద్ర లాహిరి, రోషన్ సింగ్‌లను 1927 డిసెంబరులో ఉరితీశారు. ఆజాద్ మాత్రం దొరకలేదు.

ఆ రోజుల్లో ఆయన్ను కాపాడింది పిస్టల్ కాదు, ఝాన్సీ. ఊరి బయట ఓర్ఛా అడవిలో, సాతార్ నది ఒడ్డున పండిత హరిశంకర్ బ్రహ్మచారి అన్న పేరుతో గుడిసె వేసుకుని ఉన్నారు. పల్లె పిల్లలకు చదువు చెప్పారు. ఊళ్లో మోటారు గ్యారేజీలో పనిచేసి కారు నడపడం నేర్చుకున్నారు. అడవిలో సహచరులకు గురి నేర్పారు. మనం చూసే ఆ మీసం మెలేసే ఫొటో కూడా ఝాన్సీలో మాస్టర్ రుద్రనారాయణ్ తీసిందే.

ఇక్కడ మనబోటి కుటుంబాలు గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఝాన్సీలో ఆయనకు దగ్గరైన కుర్రాళ్లలో సదాశివ్ మల్కాపుర్కర్, విశ్వనాథ్ వైశంపాయన్ ఉన్నారు. పేర్లే చెబుతున్నాయి, మరాఠీ కుటుంబాల పిల్లలు. మరాఠా పాలన నాటి నుంచి ఆ హిందీ ఊళ్లో మరాఠీ కుటుంబాలు ఉంటున్నాయి. బళ్లారిలోనో, బరంపురంలోనో, షోలాపూర్‌లోనో మనం ఉన్నట్టే. ఇలాంటి ఇళ్లు తమ గుట్టుతో ఆజాద్‌కు కంచె కట్టాయి. ఆ మనిషి తలకు ప్రభుత్వం వెల కట్టినా ఆ వీధులు నోరు విప్పలేదు.

1928 సెప్టెంబరులో ఢిల్లీ ఫిరోజ్ షా కోట్లాలో దళానికి కొత్త రూపం ఇచ్చి, హిందుస్థాన్ సోషలిస్ట్ రిపబ్లికన్ అసోసియేషన్ అని పేరు పెట్టారు. సైనిక విభాగం బాధ్యత ఆజాద్‌ది. ఆ ఏడాది డిసెంబరు 17న లాహోర్‌లో భగత్ సింగ్, రాజ్‌గురు సాండర్స్ అనే పోలీసు అధికారిని కాల్చారు. వాళ్లను తరుముకొచ్చిన హెడ్ కానిస్టేబుల్ చనన్ సింగ్ ఆజాద్ కాల్పుల్లో చనిపోయారు. ఆ రోజు ఆజాద్ చేతిలో ఉన్నది మౌజర్ అని చెబుతారు.

మౌజర్‌కూ చిన్న కోల్ట్‌కూ తేడా ఏమిటో చూద్దాం. తూటా లావులో రెండూ దాదాపు సమానం. మౌజర్‌ది 7.63 మిల్లీమీటర్ల రకం, .32 కోల్ట్‌ది 7.65. తేడా అంతా వెనకున్న మందులో ఉంది. మౌజర్ తూటా దెబ్బ శక్తి .32కు రెండింతల పైమాటే. కానీ మౌజర్ పెద్దది, పంచె మాటున దాగదు. కోల్ట్ 1903 మోడల్ బరువు 700 గ్రాముల లోపే, మ్యాగజైన్‌లో 8 తూటాలు పడతాయి. గుర్రం లోపలే దాగి ఉంటుంది కాబట్టి జేబులోంచి లాగేటప్పుడు గుడ్డకు తగులుకోదు. ఊరూరా వేషం మార్చి తిరిగే మనిషికి వెంట ఉంచుకోవడానికి అదే అనువు. వెంట ఉండటమే చిన్న పిస్టల్‌కు ఉన్న పెద్ద బలం.

1931 మొదట్లో ఆజాద్ అలహాబాద్‌లో ఉన్నారు. భగత్ సింగ్, రాజ్‌గురు, సుఖ్‌దేవ్‌లకు అప్పటికే ఉరిశిక్ష పడింది. గాంధీజీకీ వైస్రాయ్ ఇర్విన్‌కూ రాజీ కుదిరితే తమవాళ్ల గతేమిటన్నది ఆయన బెంగ. ఆ విషయమే జవహర్‌లాల్ నెహ్రూను కలిసి అడిగారు. ఒంటరి హింస వల్ల ఫలితం లేదని తనకూ అనిపిస్తోందని, అయితే స్వాతంత్ర్యం పూర్తిగా శాంతియుతంగా వస్తుందనీ నమ్మలేనని ఆజాద్ అన్నట్టు నెహ్రూ తన ఆత్మకథలో రాశారు.

ఫిబ్రవరి 27 ఉదయం ఆజాద్ ఆల్‌ఫ్రెడ్ పార్కులో సుఖ్‌దేవ్ రాజ్ అనే సహచరుడితో మాట్లాడుతున్నారు. ఈయన, లాహోర్ జైల్లో ఉన్న సుఖ్‌దేవ్ వేరు. ఆజాద్ అక్కడున్నట్టు ఎవరో పోలీసులకు చేరవేశారు. నాట్ బోవర్ అనే అధికారి సిబ్బందితో వచ్చారు. కాల్పులు మొదలయ్యాయి. ఆజాద్‌కు తొడలో తూటా దిగింది. చెట్టు చాటు చేసుకుని కోల్ట్‌తో జవాబిచ్చారు. నాట్ బోవర్ చేతికి తూటా తగిలింది. ఇంకో అధికారి బిశేశ్వర్ సింగ్ దవడ పగిలింది. పోలీసులు చెట్ల వెనక్కి తగ్గారు. ఆ సందులో సహచరుణ్ని వెళ్లిపొమ్మని ఆజాద్ పంపించేశారు, అతను బతికి బయటపడ్డారు. కాలు కదలని ఆజాద్ అక్కడే ఉండిపోయారు. చివరి తూటా తనకే వాడుకున్నారని దేశం నమ్మిక. అప్పటికి ఆయన వయసు 24 ఏళ్లు.

ఇప్పుడు మన ప్రశ్న. ఆ చిన్న పిస్టల్ సరిపోయిందా? చేసిన పని తక్కువేమీ కాదు. ఇద్దరు అధికారులను గాయపరిచింది, చాలామందిని కొద్దిసేపు ఆపింది, ఒక ప్రాణాన్ని కాపాడింది. చేతికి చిక్కనన్న ప్రతిజ్ఞను నిలబెట్టింది. చేయలేనిది ఒక్కటే, పట్టుకున్నవాణ్ని ప్రాణాలతో బయటపడేయలేకపోయింది.

బోర్ పెద్దదై ఉంటే బతికేవారా? తగిలిన ఇద్దరూ చావలేదన్నది నిజం. నాట్ బోవర్ తర్వాత 1953లో లండన్ పోలీసు కమిషనర్ కూడా అయ్యారు. పెద్ద తూటా ఆ ఇద్దరినీ పడగొట్టి ఉండొచ్చు. కానీ వాళ్ల వెనక ఇంకా మనుషులున్నారు. ఆజాద్ తొడ అప్పటికే చితికింది. గురి తప్పని చేయి, పదేళ్ల సాధన, చావంటే భయంలేని గుండె ఉన్న మనిషికే ఫలితం ఇదైతే, ఏడాదికోసారి బీరువా తెరిచి తుడిచిపెట్టే మన చేతిలో బోర్ ఎంతన్నది చివరి ప్రశ్న అవుతుంది తప్ప మొదటిది కాదు. ఎదుటివాడు ఎప్పుడు మొదలుపెట్టాడు, ఎంతమందితో వచ్చాడు, మనం వస్తున్నామని వాడికి ఎవరు చెప్పారు అన్నవి దానికంటే పెద్దవి.

ఝాన్సీ కంచె ఉన్నంతకాలం ఆజాద్ ఆత్మరక్షణకు పిస్టల్ తీయాల్సిన పని పడలేదు. ఆ కంచెకు ఒక్కచోట కన్నం పడిన రోజున ఏ పిస్టలూ దాన్ని పూడ్చలేకపోయింది.

నాట్ బోవర్ ఇంగ్లండ్ పట్టుకెళ్లిన ఆ కోల్ట్ స్వాతంత్ర్యం వచ్చాక మన దేశానికి తిరిగొచ్చింది. ఆల్‌ఫ్రెడ్ పార్కు ఇప్పుడు ఆజాద్ పార్కు. భావ్‌రాలో పేదరికంలో మిగిలిపోయిన జగ్‌రాణీ దేవిని మాత్రం జైలు నుంచి బయటికొచ్చిన సదాశివ్ మల్కాపుర్కర్ ఝాన్సీ తీసుకొచ్చి, 1951లో ఆమె కన్నుమూసేదాకా కన్నతల్లిలా చూసుకున్నారు. కొడుకును దాచిన ఊరే తల్లినీ కడదాకా కాచింది.

ఈసారి పిల్లాడికి ఆజాద్ వేషం వేసినప్పుడు బొమ్మ పిస్టల్‌తో పాటు ఈ సంగతి కూడా చెప్పండి. ఇంట్లో లైసెన్సు మాట వస్తే, దరఖాస్తు రాసే ముందు మన వీధిలో అర్ధరాత్రి తలుపు కొడితే లేచొచ్చే ఇళ్లు ఎన్నో ఒకసారి లెక్కపెట్టుకుందాం.