గొంతుతో నవ్వించిన బెజవాడ నటుడు సుత్తి వీరభద్రరావు

కమ్మరి కొలిమిలోనూ వడ్రంగి సంచిలోనూ ఉండవలసిన సుత్తి ఇద్దరు హాస్యనటులకు ఇంటిపేరయింది. మామిడిపల్లి వీరభద్రరావు ఎవరని అడిగితే ఊళ్ళో పెద్దలు కూడా కాసేపు ఆలోచిస్తారు. కురుమద్దాలి లక్ష్మీనరసింహారావు అంటే అసలు గుర్తే పట్టరు. సుత్తి వీరభద్రరావు, సుత్తి వేలు అంటే మాత్రం చెప్పేవాడి కంటే ముందు వినేవాడు నవ్వుతాడు. వీరిద్దరిలో వేలు బందరు దగ్గర భోగిరెడ్డిపల్లిలో పుట్టినవాడు. వీరభద్రరావు 1947 జూన్ 6న గోదావరి సీమలో పుట్టినా, పెరిగిందీ చదివిందీ నటుడైందీ బెజవాడలోనే. కనుక ఈ జంట మీద కృష్ణాతీరం వారికి కాస్త హక్కు ఎక్కువే.

సినిమా తెర మీద వీరభద్రరావు ముఖం కనబడటానికి చాలా ఏళ్ళ ముందే డెల్టా గ్రామాల వారికి ఆయన గొంతు తెలుసు. పేరు తెలిసినవారు కొందరే. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. 1970 దశకం నాటికి పంచాయతీ ఆఫీసు అరుగు మీద, కాలువ గట్టున కాఫీ హోటల్లో, చేలో గట్టు మీద పెట్టిన ట్రాన్సిస్టరులో అది పలకని ఊరు లేదు. పాడిపంటల కార్యక్రమానికి రైతులూ, ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ రామాయణానికి ఇంటిల్లిపాదీ రేడియో చుట్టూ చేరేవారు. అలాగే నాటకం వచ్చే రాత్రి భోజనాలు కాస్త ముందే ముగిసేవి. నండూరి సుబ్బారావు వంటి ఉద్దండులు ఉన్న ఆ నాటక విభాగంలో వీరభద్రరావు ఉద్యోగిగా చేరి, దాదాపు పదేళ్ళు పనిచేశారు.

రేడియో నాటకం ఎంత కష్టమో విన్నవారికి తెలియదు, అందులో వేసినవారికే తెలుస్తుంది. రంగస్థలం మీద నటుడికి కళ్ళున్నాయి, చేతులున్నాయి, నడక ఉంది. కిరీటమో కండువానో ఏదో ఒకటి ఆదుకుంటుంది. బందరు రోడ్డు పక్క పున్నమ్మతోటలోని స్టూడియోలో అవేవీ పనికిరావు. గోడలకు ధ్వని పీల్చే పలకలు బిగించిన గదిలో నలుగురైదుగురు నటులు ఒక మైకు చుట్టూ నిలబడతారు. చేతిలో కాగితాలు. కాగితం తిప్పిన చప్పుడు వినబడితే రికార్డింగు మళ్ళీ మొదటికి వస్తుంది. పాత్ర దూరం నుంచి వస్తున్నదని చెప్పటానికి నటుడు మైకుకు దూరంగా మొదలుపెట్టి ఒక్కో అడుగే దగ్గరకు రావాలి. కోపం వచ్చిందని అరిస్తే అద్దాల అవతల మీటరులో ముల్లు ఎగిరి పడుతుంది, మాట పగిలిపోతుంది. అందుచేత అరవకుండానే అరిచినట్లు వినిపించాలి. ఏడుపు, దగ్గు, ఎగతాళి, నోట్లో కిళ్ళీ ఉన్న మాట, అబద్ధం చెప్పేవాడి తడబాటు, అన్నీ గొంతులోనే పుట్టాలి. తర్వాత రోజుల్లో సినిమా హాళ్ళలో జనం పొట్టలు పట్టుకుని నవ్విన ఆ మాటవిరుపు ఈ గదిలో అలవడినదే.

కాలేజీ రోజుల నుంచీ ఆయనకు నాటకాల పిచ్చి. ఆ రోజుల్లో బెజవాడలో నాటకం లేని వారం ఉండేది కాదు. పరిషత్తుల పోటీలకు డెల్టా పట్టణాల మధ్య సమాజాలు బస్సుల్లో, రైళ్ళలో తిరిగేవి. అట్టపెట్టెల్లో మేకప్పు సామాను, చుట్టగా చుట్టిన తెరలు, ఒకరి పాఠం మరొకరు అప్పజెప్పుకుంటూ ప్రయాణం. అటువంటి కుర్రకారులో జంధ్యాల సుబ్రహ్మణ్యశాస్త్రి ఒకడు. 1951లో నరసాపురంలో పుట్టి బెజవాడలో పెరిగినవాడు. తానే నాటకాలు రాసేవాడు. గుండెలు మార్చబడును అనే ఆయన నాటకం పరిషత్తు ప్రేక్షకులకు బాగా తెలిసినదే. ఆ నాటకాల రోజుల్లోనే ఇద్దరికీ స్నేహం కలిసింది. ఒకరి కలం మరొకరి గొంతుకు, ఒకరి గొంతు మరొకరి కలానికి అలవాటు పడ్డాయి. ఇది ముందు ముందు తెలుగు హాస్యానికి ఎంత లాభించిందో లెక్క కట్టటం కష్టం.

జంధ్యాల ముందుగా మద్రాసు చేరారు. 1977లో అడవిరాముడికీ, 1980లో శంకరాభరణానికీ మాటలు రాసి పేరు తెచ్చుకున్నారు. 1981లో ముద్దమందారంతో దర్శకులయ్యారు. వేలు మొదట తెరకెక్కింది ఆ చిత్రంలోనే. అప్పటికి ఆయన విశాఖపట్నంలో నౌకాదళం డాక్‌యార్డులో ఉద్యోగి. చిన్నతనంలో చిటికెన వేలంత సన్నగా ఉండటం వల్ల ఆ పేరు వచ్చిందని చెబుతారు. పెద్దయ్యాక కూడా ఆ పేరు అబద్ధం కాలేదు.

అప్పటి తెలుగు తెర మీద హాస్యం పరిస్థితి ఒకసారి గుర్తు చేసుకోవాలి. లావుపాటి రేలంగి, పొడుగుపాటి రమణారెడ్డి కలిసి కనబడితే చాలు హాలంతా ఈలలు వేసిన కాలం వెళ్ళిపోయింది. రమణారెడ్డి 1974లో, రేలంగి 1975లో కన్నుమూశారు. పదిహేనేళ్ళపాటు ఒంటిచేత్తో నవ్వించిన రాజబాబు 1983 ఫిబ్రవరిలో పోయారు. పెద్ద హీరోల చిత్రాల్లో హాస్యమంటే కథకు సంబంధం లేని రెండు రీళ్ళుగా, ఒక్కోసారి ఆడవాళ్ళు తల దించుకునే మాటలుగా మిగిలింది. అటువంటి సమయంలో కథంతా హాస్యంగానే నడిపించి, ఇంటిల్లిపాదీ కలిసి చూడగలిగే చిత్రాలు తీయాలని జంధ్యాల పూనుకున్నారు. దానికి అందగాళ్ళు అక్కరలేదు. పేజీలకు పేజీలు మాటలను తడుముకోకుండా, ఊపిరి చెడకుండా, అర్థం పోకుండా చెప్పగల నటులు కావాలి. రేడియో గదిలో పదేళ్ళు నిలబడిన స్నేహితుడు ఆయనకు గుర్తుకు రాకుండా ఎలా ఉంటారు?

నాలుగు స్తంభాలాట 1982లో వచ్చింది. నరేష్, ప్రదీప్, పూర్ణిమ, తులసి అందులో యువ జంటలు. రాజన్-నాగేంద్ర సంగీతం ఊరూరా మోగింది. కాని జనం ఇంటికి తీసుకువెళ్ళింది మరొక జంటను. అసలు సంగతి వదిలేసి దాని చుట్టూ తిరుగుతూ, వినేవాడి నెత్తిన దెబ్బ మీద దెబ్బ వేసినట్లు మాట్లాడటం ఊళ్ళల్లో కొత్త కాదు. ప్రతి రచ్చబండకూ అటువంటి పెద్దమనిషి ఒకడు ఉంటాడు. ఆ గుణానికి సుత్తి అనే పేరు రాష్ట్రమంతటా స్థిరపడింది మాత్రం ఈ చిత్రంతోనే. ఆ ఏడాది నుంచి బళ్ళో పిల్లలు మాస్టారి పాఠాన్నీ, కోడళ్ళు అత్తగారి పురాణాన్నీ, ఓటర్లు నాయకుల ఉపన్యాసాలనూ ఆ ఒక్క మాటతోనే తేల్చివేశారు. ఒక సినిమా మాట నలభై ఏళ్ళు దాటినా వాడుకలో నిలవటం మామూలు సంగతి కాదు. ఈనాడు ఆ మాట అనే కుర్రవాళ్ళలో ఎక్కువమంది ఆ సినిమా చూసి ఉండరు.

ఒకరు భారీ మనిషి, బరువైన గొంతు. మరొకరు సన్నగా, కీచుమనే గొంతు. చూడగానే నవ్వు వచ్చే జోడీ. కాని ఆకారం మీదే ఆధారపడి ఉంటే రెండు సినిమాలతో పని అయిపోయేది. వీరభద్రరావు ఎప్పుడూ నవ్వించటానికి ప్రయత్నిస్తున్నట్లు కనబడరు. తాను చెప్పేది మహా ముఖ్యమైన విషయమని గట్టిగా నమ్మిన మనిషిలా చెబుతారు. ఎదుటివాడికి అర్థం కానందుకు నిజంగానే బాధపడతారు. ఆ బాధ చూసే జనానికి నవ్వు.

శ్రీవారికి ప్రేమలేఖ 1984లో వచ్చింది. పొత్తూరి విజయలక్ష్మి నవల ఆధారంగా ఉషాకిరణ్ సంస్థ తీసిన చిత్రం. సినిమా కథను పేర్లు పడే దగ్గర నుంచి చెప్పుకొచ్చే శ్రీలక్ష్మిని ఎవరూ మరచిపోలేదు. ఆ సినిమాలో కథానాయకుడి తండ్రి పరంధామయ్యగా వీరభద్రరావు వేసిన వేషం ఆయన వేషాలన్నిటిలోకీ మేలైనది. ఇంట్లో అందరినీ వణికించే తండ్రులు డెల్టా గ్రామాల్లో ఆనాడు ఇంటింటికీ ఉండేవారు. పడక్కుర్చీలో కూర్చుని దగ్గితే చాలు, వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయేది. ఆ తండ్రినే తెర మీద చూసి తండ్రులూ కొడుకులూ ఒకే బెంచీ మీద కూర్చుని నవ్వారు. తిట్లు ఉన్నాయి గాని ఒక్క బూతు లేదు. ఒక పోలిక మీద మరో పోలిక పేర్చి, ఎక్కడా ఆగకుండా, చివర ఒక్క మాటతో దించే ఆ తిట్ల దండకం రాసింది జంధ్యాల. కాని కాగితం మీద అది ఉత్త జాబితా. ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ తగ్గించాలో, ఏ మాట ముందు అర క్షణం ఆగాలో ఎరిగినవాడు చెబితేనే అది హాస్యం అవుతుంది.

1985లో బాబాయ్ అబ్బాయ్ వచ్చింది. బాలకృష్ణ అబ్బాయి అయితే బాబాయి వీరభద్రరావే. హాస్యనటుడి వేషం పేరు సినిమా పేరులో కథానాయకుడి కంటే ముందు రావటం ఆ రోజుల్లో అరుదు. రేడియో ఉద్యోగం వదిలి మద్రాసు చేరిన మనిషికి ఆ తర్వాత తీరిక దొరకలేదు. జంధ్యాల చిత్రాలతోబాటు ఇతర దర్శకుల చిత్రాలూ వరుసగా వచ్చాయి. కె. విశ్వనాథ్ 1986లో తీసిన స్వాతిముత్యంలో కూడా ఆయన ఉన్నారు. నెలకు ఇంత అని చేతికందే సర్కారు జీతం, పింఛను ఉన్న కొలువు వదులుకుని సినిమాకు పోవటం మధ్యతరగతి సంసారికి చిన్న నిర్ణయం కాదు. అది ఫలించింది. కాని ఫలించిన కాలం ఆరేళ్ళే.

ఆయనకు మధుమేహం ఉండేది. రాత్రింబవళ్ళు షూటింగులు, వేళకు లేని తిండి, నిద్రలేమి ఆ జబ్బుకు ఎంత చెరుపో ఈనాడు పల్లెల్లో కూడా అందరికీ తెలుసు. 1988లో జంధ్యాల చూపులు కలసిన శుభవేళ తీస్తున్నారు. ఆ చిత్రం షూటింగులో వీరభద్రరావుకు కాలు బెణికింది. చికిత్స పొందుతూ ఉండగానే జూన్ 30న మద్రాసులో గుండెపోటు వచ్చి మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 41 ఏళ్ళు.

ఇక్కడ సినిమా పని తీరు ఒకటి చెప్పుకోవాలి. ఆ రోజుల్లో షూటింగులో నటులు పలికిన మాటలు తెర మీదకు రావు. చిత్రం పూర్తయ్యాక చీకటి థియేటరులో తమ బొమ్మ చూసుకుంటూ, పెదవుల కదలికకు సరిపోయేలా మళ్ళీ చెప్పాలి. దానినే డబ్బింగు అంటారు. వీరభద్రరావు బొమ్మ ఫిల్ము మీద ఉంది. గొంతు చెప్పవలసిన మనిషి లేరు. గొంతే ఆస్తిగా బతికిన నటుడి చివరి వేషానికి ఆ గొంతే కరువయింది. చివరకు జంధ్యాలే మైకు ముందు నిలబడి స్నేహితుడి పాత్రకు డబ్బింగు చెప్పారు. ఆ మాటలు రాసింది ఆయనే. అవి ఎవరి గొంతుకు సరిపోయేలా రాశారో కూడా ఆయనకే తెలుసు.

జంట విడిపోయినా వేలు నటన ఆగలేదు. ఆయన హాస్యానికే పరిమితం కాలేదు. వందేమాతరం, దేవాలయం వంటి చిత్రాల్లో బరువైన వేషాలు వేసి మెప్పించారు. చిలకమర్తి వారి గణపతి టీవీ సీరియలుగా వచ్చినప్పుడు అందులోనూ నటించారు. 2012 సెప్టెంబరు 16న మద్రాసులో కన్నుమూశారు. అంతకు ముందే, 2001 జూన్ 19న, 50 ఏళ్ళకే జంధ్యాల వెళ్ళిపోయారు.

వీరభద్రరావును హాలులో చూసినవారి కంటే తర్వాత టీవీలో చూసినవారే ఎక్కువ. హైదరాబాదు దూరదర్శన్ 1977లో మొదలైనా, డెల్టా ఊళ్ళల్లో ఇళ్ళ మీద యాంటెన్నాలు మొలిచింది 1980ల మధ్య నుంచే. ఊరికి ఒకటో రెండో టీవీలు. వారానికి ఒక తెలుగు సినిమా వేసే సాయంత్రం టీవీ ఉన్న ఇంటివారు గుమ్మంలో చాపలు పరిచి, పెట్టెను కిటికీ దగ్గరకు జరిపేవారు. పెళ్ళిళ్ళకు వీడియో అద్దెకు తెచ్చి రాత్రంతా మూడు సినిమాలు వేస్తే అందులో ఒకటి జంధ్యాలది కావలసిందే. 1995లో ఈటీవీ, జెమిని వచ్చాక మధ్యాహ్నం పూట కూడా పరంధామయ్య కేకలు వినబడసాగాయి. ఇప్పుడు ఆ తిట్లు ముక్కలు ముక్కలుగా సెల్‌ఫోన్లలో తిరుగుతున్నాయి.

చూపులు కలసిన శుభవేళ కూడా టీవీలో వస్తూనే ఉంది. ఆ సినిమా మొదటిసారి చూసే పిల్లలు వీరభద్రరావు మాటలకు మామూలుగానే నవ్వుతారు. కాలువ గట్టున ట్రాన్సిస్టరులో బెజవాడ నాటకాలు విన్న తరం వారికి మాత్రం, ఆయన నోరు విప్పగానే అది ఆయన గొంతు కాదని తెలిసిపోతుంది.