కనుచూపు మసకబారినా కుంచె వదలని మోనే

మనలో చాలామందికి కంటి శుక్లాల బాధ స్వానుభవమే. ఆపరేషన్ అంటే భయపడి ఏళ్ళ తరబడి వాయిదా వేసే మిత్రులూ ఉన్నారు. వెలుగునే నమ్ముకొని బ్రతికిన ఒక మహా చిత్రకారునికి కూడా ఇదే కష్టం వచ్చింది. ఆయనే ఫ్రాన్సు దేశస్థుడు క్లాడ్ మోనే.

మోనే 1840 నవంబరు 14న పారిస్‌లో జన్మించారు. లె హావ్ర్ రేవు పట్టణంలో పెరిగారు. 1872లో ఆ రేవులోని సూర్యోదయాన్ని చిత్రించారు. 1874లో దానిని ప్రదర్శించగా ఒక విమర్శకుడు ఎగతాళి చేశాడు. ఆ ఎగతాళి మాటే 'ఇంప్రెషనిజం' అనే కొత్త చిత్రకళా మార్గానికి పేరై నిలిచింది. వస్తువు కన్నా దానిపై పడే వెలుగు, అది మనసులో కలిగించే అనుభూతి ముఖ్యమని ఆయన నమ్మకం. 1890-91లో గడ్డివాములనే వేర్వేరు వేళల్లో, వేర్వేరు వాతావరణాల్లో పాతిక చిత్రాలుగా వేశారు.

1879లో భార్య కెమీల్ మరణశయ్యపై ఉన్నప్పుడు, ఆమె ముఖంలో మారుతున్న రంగులను తన కన్ను గమనిస్తూనే ఉందని గ్రహించి ఆయన ఎంతో కలత చెందారు. చూపు ఆయనకు వరమూ, బంధనమూ అయింది.

1883లో జివెర్నీ గ్రామం చేరి, తోట పెంచి, కలువల కొలను తవ్వించారు. 1912లో రెండు కళ్ళలోనూ శుక్లాలున్నట్లు తేలింది. ఎరుపు బురదరంగులా కనిపించసాగింది. గొట్టాలపై పేర్లు చూసి రంగులు ఎంచుకొనేవారు. నచ్చని చిత్రాలను చింపివేసేవారు. తోటి చిత్రకారిణి మేరీ కసాట్‌కు కంటి ఆపరేషన్ ఫలించలేదని తెలిసి మరింత జంకారు. చివరకు, స్వయంగా వైద్యుడైన మాజీ ప్రధాని, మిత్రుడు క్లెమెన్సో నచ్చజెప్పగా 1923లో, 82వ ఏట కుడికంటికి ఆపరేషన్ చేయించుకున్నారు. కంటిలో అమర్చే కృత్రిమ కటకాలు అప్పటికి లేవు. కట్లు కట్టించుకొని రోజుల తరబడి కదలకుండా పడుకోవలసి వచ్చింది. ఆ తరువాత అన్నీ నీలంగా కనిపించేవి. రంగు కళ్ళద్దాలతో సర్దుకొని, మళ్ళీ కుంచె పట్టారు.

1918లో యుద్ధం ముగియగానే దేశానికి కానుకగా ఇస్తానన్న కలువల చిత్రాలను చివరిదాకా దిద్దుతూనే ఉన్నారు. 1926 డిసెంబరు 5న కన్నుమూశారు. 1927లో ఆ చిత్రాలను పారిస్‌లోని ఒరాంజెరీలో ప్రజలకు చూపించారు.

ఆయన భయంతో దాదాపు పదేళ్ళు పోగొట్టుకున్నారు. ఇప్పుడు సాధారణంగా ఆపరేషన్ అయిన రోజే ఇంటికి రావచ్చు. వాయిదా వేస్తున్న మిత్రులు ఆలోచించగలరు.