శ్రీమతి భండారు అచ్చమాంబగారు

 మన బ్రాహ్మణ కుటుంబములలో జన్మించి కీర్తిశేషులైనవారిలో నొకరి చరిత్రమును ఈ వార్షిక సంచికకు వ్రాసి యీయవలసినదని ఆటోనగరులోని మన స్త్రీల గోష్ఠివారు నన్ను కోరిరి. ఉపాధ్యాయ వృత్తినుండి విరమించి యింట కూర్చున్నవాడను గనుక తీరిక లేదను సాకు చెప్పుటకు నాకు వీలులేకపోయెను.

ఆ గోష్ఠి సంగతి యెఱుగనివారికి నాలుగు మాటలు చెప్పవలెను. లారీల బాడీలు కట్టు సుత్తెల మ్రోతతోను, వెల్డింగు మెఱుపులతోను వారమెల్ల నిండియుండు ఆ పేటలో, మాసమునకొక ఆదివారము మధ్యాహ్నము మన యాడువారు గూడుదురు. లలితా సహస్రనామ పారాయణము, కుంకుమార్చన, తాంబూలము, కార్తికమున వనభోజనము. చిరకాలముగా నడచిన క్రమమిది. రెండేండ్ల క్రిందట నొక బీరువాను తెచ్చి అందు పుస్తకములుంచిరి. అప్పటినుండి ఒక పెద్దమ్మగారు వచ్చుచున్నారు. భర్త గతించిన పిమ్మట ఆమె కుంకుమార్చనకు వచ్చుట మానుకొనిరి. రావలదని యెవరును అనలేదు. రమ్మనియు నెవరును అనలేదు. పుస్తకము మార్చుకొను నెపమున వచ్చి వెనుక వరుసలో కూర్చుండుట మొదలుపెట్టిరి. ఒకమాఱు నేను కాళిదాసును గూర్చి ప్రసంగించి ముగింపగనే ఆమె లేచి, నూఱేండ్లకు పూర్వము మన యాడువారు ఒకచోట గూడినచో పేరంటము గాక మఱేమి చేసెడివారు మాస్టారూ, అని యడిగిరి.

నేను వెంటనే అచ్చమాంబగారి పేరు చెప్పితిని. చెప్పిన పిదప లోలోన సిగ్గుపడితిని. ముప్పదియేండ్లకు పైగా పాఠము చెప్పుచు, గురజాడవారి దిద్దుబాటు తెలుగున తొలి కథయని పిల్లలచేత వ్రాయించితిని. దానికి ఎనిమిదేండ్లు ముందుగా మన కృష్ణాజిల్లా యాడుబిడ్డ వ్రాసిన కథలు గలవని ఒక్కనాడైనను చెప్పినవాడను గాను. ఈ వ్యాసము కొంతవఱకు ఆ ఋణము తీర్చుకొనుటకే.

ఆటోనగరు దాపున నిలిచి చూచినచో ఈమె చరిత్రమునకు సంబంధించిన రెండూళ్లును రెండు దిక్కుల నున్నవి. పడమట హైదరాబాదు బాట పట్టి నందిగామ వైపు పోయినచో మునేటి యొడ్డున పెనుగంచిప్రోలు. తిరుపతమ్మ తల్లి తిరునాళ్లకు పోవువారికి ఆ యూరు సుపరిచితమే. తూర్పున బందరు బాట వెంట పోయినచో మచిలీపట్నము. మొదటిది ఆమె పుట్టిన యూరు. రెండవది ఆమె ప్రయత్నము సమాజరూపమున నిలిచిన యూరు. ఈ రెంటికిని నడుమ ఆమె జీవితమున నధికభాగము దూరమైన మధ్యపరగణాలలో గడచెను.

ఆమె 1874వ సంవత్సరమున పెనుగంచిప్రోలున జన్మించిరి. తండ్రి కొమర్రాజు వెంకటప్పయ్యగారు, తల్లి గంగమ్మగారు. ఆరేండ్ల ప్రాయమున తండ్రి పోయెను. 1877లో పుట్టిన తమ్ముడు లక్ష్మణరావు అప్పటికి మూడేండ్ల పసివాడు. ఆ పసివాడే తరువాత విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నెలకొల్పి, ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు పూనుకొన్న కొమర్రాజు వేంకటలక్ష్మణరావుగారు. తల్లియు పిల్లలును సవతియన్నగారి యండను పెరిగిరి. పదవయేట అచ్చమాంబగారికి భండారు మాధవరావుగారితో వివాహమాయెను. ఆయన మధ్యపరగణాలలో ఇంజనీరు. పెండ్లినాటికి ఈమెకు అక్షరము రాదు. ఆ కాలమున మన యిండ్లలో అది దోషముగా నెవరును తలపలేదు. అక్షరము వచ్చియున్నచో దానినే దోషముగా తలచెడివారు.

కాపురమునకు పోవునప్పుడు తల్లియు తమ్ముడును ఆమె వెంట నాగపురమునకు చేరిరి. తమ్మునికి చదువు చెప్పుచుండగా అక్కగారు చెంత కూర్చుండి వినెడివారు. ఈ విధముగా తెలుగును, హిందీని నేర్చిరి. తమ్ముడు పై చదువులకు పోయిన కొలదియు ఈమె తనంతట తానే సాగించి మరాఠీ, ఇంగ్లీషు, బంగాళీ, గుజరాతీ భాషలలో ప్రవేశము గడించిరి. సంస్కృతమును కొంత నేర్చిరి. జీవితమంతయు సంస్కృతముతో కుస్తీ పట్టినవాడను గనుక ఈ మాట తేలికగా వ్రాయుట లేదు. గురువు ఎదుట కూర్చుండి, తప్పు వ్రాసినచో దెబ్బ తిని నేర్చినవాని చదువు వేఱు. పొయ్యిమీద నెసరు కాగుచుండగా ప్రక్క గదిలో నొకరికి చెప్పుచున్నది చెవిని పట్టి నేర్చిన చదువు వేఱు.

ఇంతలో దుఃఖములు వచ్చెను. పుట్టిన కుమారుడును, కుమార్తెయు పసితనముననే గతించిరి. ఆ శోకమున ఆమె చదువును విడువలేదు సరిగదా, దిక్కులేని పిల్లలను ఇంట నుంచుకొని పోషించుచు వారికి చదువు చెప్పింపసాగిరి.

ఈ స్థితిలో వెలువడిన గ్రంథము అబలాసచ్చరిత్ర రత్నమాల. 1901లో ప్రకటితమైన ప్రథమభాగమున మన దేశ చరిత్రమునకు సంబంధించిన ముప్పదినలుగురు స్త్రీల చరిత్రములున్నవి. రెండవ భాగమున వైదిక, పౌరాణిక, బౌద్ధ స్త్రీలను, మూడవ భాగమున విదేశ స్త్రీలను గూర్చి వ్రాయవలెనని ఆమె సంకల్పము. ఆడుదానికి బుద్ధి తక్కువ, వివేకము తక్కువ యను అపవాదును ఖండించుట మొదటి ప్రయోజనము. చదివిన స్త్రీ చెడిపోవును, సంసారము పాడగును అను భయమును తొలగించుట తరువాతిది. ఇందుకామె వాదములు పెంచలేదు; ఒకరి వెనుక నొకరిగా మనుష్యులను తెచ్చి నిలువబెట్టిరి. వ్యాకరణము చదివినవాడను గనుక ఇచ్చట నొక చిన్న మాట. అబల యను పదము బలము లేనిది యని విగ్రహము చెప్పుకొను నఞ్ బహువ్రీహి. రాజ్యములేలిన, గ్రంథములు రచించిన స్త్రీల కథలు గల పుస్తకమునకు ముందర ఆ మాటనే తలకట్టుగా నుంచుటలో ఆమెకు నవ్వు వచ్చియుండునని నా యూహ. నిఘంటువు చెప్పిన దానిని పుస్తకము పుటపుటకును కొట్టివేయుచున్నది.

ఇక 1902వ సంవత్సరము. తెలుగు దేశమున స్త్రీల వ్రాతలకు ఆ యేడు శుభసంవత్సరము. ఏలూరునుండి హిందూసుందరి పత్రిక బయలుదేరెను. స్త్రీలు సంపాదకత్వము వహించి, స్త్రీల వ్రాతలకు చోటిచ్చిన పత్రిక అది. బందరున కృష్ణాపత్రికయు ఆ యేడే పుట్టెను. ఆ యేడే బందరున ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో గూడి అచ్చమాంబగారు బృందావన స్త్రీ సమాజమును స్థాపించిరి. తెలుగు దేశమున స్త్రీలే స్త్రీలకొఱకు పెట్టుకొన్న సమాజములలో దీనినే మొదటిదిగా చరిత్రకారులు పేర్కొందురు. నేడు ఆటోనగరునుండి రెండు గంటలలోపల బందరు చేరుచున్నాము. అప్పటికి బెజవాడనుండి బందరునకు రైలు లేదు. 1908లో గాని అది రాలేదు. కాలువలో పడవయో, బాటమీద బండియో గతి. నాగపురము వైపునుండి ఒక గృహిణి అంత దూరము వచ్చి ఇట్టి పనికి పూనుకొనుట ఎంత శ్రమయో చదువరులే యూహింపగలరు.

పెద్దమ్మగారి ప్రశ్నకు ఇచ్చట సమాధానము చెప్పవలెను. ఆనాటి యాడువారు గూడుటకు తావులు లేకపోలేదు. నోములుండెను, పేరంటములుండెను, పురాణ కాలక్షేపములుండెను. అయితే పురాణమున చెప్పువాడు పురుషుడు, వినువారు స్త్రీలు. పేరంటమున మాటలకు కొఱత లేదు గాని అవి ఆ పూటతోనే పోవును. స్త్రీ సమాజము పద్ధతి వేఱు. చదువు వచ్చినవారు పత్రికనో పుస్తకమునో పైకి చదువగా రానివారు విందురు. 1901 జనాభా లెక్కలనుబట్టి భారతదేశమున నూర్గురు స్త్రీలలో అక్షరములు వచ్చినది ఒక్కతె యైనను తేలలేదు గనుక వినువారే మెండు. ఒక్కొక్కరు ఇంటివద్ద ఉపన్యాసము వ్రాసికొని వచ్చి సభలో చదువుదురు. నలుగురిలో లేచి నోరు తెఱచుట ఎన్నడు నెఱుగనివారికి చేతిలోని కాగితము గొప్ప యాధారము. అట్లు చదివిన ఉపన్యాసములలో కొన్ని హిందూసుందరి వంటి పత్రికలలో అచ్చుపడి వేఱొక యూరి స్త్రీల చేతికి పోవును. వారు దానిని తమ గోష్ఠిలో చదువుకొందురు. ఒకరి మొగము నొకరు చూడని స్త్రీల నడుమ ఈ విధముగా సంభాషణ ఏర్పడెను.

మఱియొక సంగతి. పేరంటమునకు పిలుపు బొట్టుతో వచ్చును. బొట్టు లేని స్త్రీకి ఆ పిలుపు రాదు. అచ్చమాంబగారి కాలమున మన యిండ్లలో పది పండ్రెండేండ్ల వితంతువులుండిరి. వారిని వంటయింటి వెనుకనే యుంచిన పెద్దలు మన పెద్దలే. చదువుకొఱకు గూడిన సభలో పసుపుకుంకుమలు ప్రధానము గావు గనుక ఆ వాకిలి వారికి మూయవలసిన కారణము లేదు. అచ్చమాంబగారు మన కులస్త్రీ యని నేడు మనము గర్వముతో చెప్పుకొనుచున్నాము. చెప్పుకొనవచ్చును. అయితే ఆమెకు అక్షరము నేర్పని యిల్లు గూడ మన కులపుటిల్లే యన్న మాటను ఆ గర్వముతోపాటు గుర్తుంచుకొనుట న్యాయము. ఈ సంచికలో ఇట్లు వ్రాయుట కొందఱు మిత్రులకు రుచింపకపోవచ్చును. నాకు తోచినది నేను వ్రాసితిని.

1903లో ఆమె ఆంధ్రదేశమున పలు పట్టణములు తిరిగి స్త్రీ సమాజముల స్థాపనకు తోడ్పడిరి. ఆ సమాజములలో కొన్ని త్వరలోనే సన్నగిల్లెను. స్త్రీల గోష్ఠి ఒక రిద్దరి పూనికమీద నడచును. వారికి ప్రసవమో, భర్తకు బదిలీయో కలిగినచో వాకిలి మూతపడును. మన ఆటోనగరు గోష్ఠియు నట్లు రెండుమాఱులు మూతపడి తెఱచుకొన్నదే. అయినను విత్తనము చావలేదు. 1913లో బాపట్లయందు కొటికలపూడి సీతమ్మగారి యాధ్వర్యమున ఆంధ్ర మహిళలు పెద్ద సభగా గూడుకొనిరి.

ఈ తిరుగుడుల నడుమనే ఆమె కథలు వ్రాసిరి. తెలుగు జనానా, హిందూసుందరి, సావిత్రి పత్రికలలో అవి వెలువడెను. 1902లో హిందూసుందరిలో వచ్చిన ధనత్రయోదశి వానిలో ప్రసిద్ధము. దీపావళికి ముందు వచ్చు ధనత్రయోదశినాడు ఒక పేద సంసారము. ఊరంతయు పండుగ చేయుచుండగా ఇంటిలో ఏమియు లేదు. భర్త తాను పనిచేయుచోట యజమాని సొమ్మును తెచ్చును. భార్య దానిని ముట్టదు. భర్తను నిందించి వీధిన బెట్టదు. నచ్చజెప్పి ఆ సొమ్ము తిరిగి యజమానికి చేరునట్లు చేయును. కథలో నీతిపాఠము పైకి కనబడును, నిజమే. నాటి వ్రాతకు అది సహజము. కాని పండుగపూట ఆ యింటిలో ఆలుమగల నడుమ నడచు మాటలను చదువునప్పుడు కట్టుకథ చదువుచున్నట్లుండదు. దీనిని తొలి కథ యనవలెనా, దిద్దుబాటునే యనవలెనా యని పండితులు నేటికిని తగవులాడుచున్నారు. ఆ తగవులో నేను దూరను. 1902 అను అంకె 1910 అను అంకెకు ముందు వచ్చుననుటలో మాత్రము తగవు లేదు.

పుట్టినింటి ప్రక్కను ఆమెకు తోడుగా నిలిచినవారు లక్ష్మణరావుగారే. ఆయన 1900లో ఎం.ఏ. పరీక్ష నెగ్గి మునగాల సంస్థానమున దివానుగిరీకి వచ్చిరి. అక్కగారి విద్య తమ్ముని చదువు చెంత మొదలాయెను. విజ్ఞానచంద్రికా మండలి ద్వారా ఆయన తెలుగువారికి తెలుగుననే శాస్త్రములు చెప్పవలెనని చేసిన దీక్షకు, ఇంగ్లీషు బడి మొగమెఱుగక యింట నేర్చిన ఆ యక్కగారు కంటియెదుట నున్న నిదర్శనముగా నుండెనని నాకు తోచును. ఆ మండలి 1906లో గాని పుట్టలేదు. దానిని చూచు భాగ్యము ఆమెకు లేకపోయెను.

1905వ సంవత్సరము జనవరి 18వ తేదీన అచ్చమాంబగారు స్వర్గస్థులైరి. ఆమె వయస్సు ముప్పదియేండ్లు. రత్నమాల రెండవ భాగము పూర్తి కాలేదు. మూడవ భాగము సంకల్పముననే నిలిచెను. లక్ష్మణరావుగారు 1923 వఱకు జీవించిరి.

ఈ సంగతులన్నియు నేను ఆటోనగరు గోష్ఠిలో చెప్పగా పెద్దమ్మగారు విని, ఆ కథ పుస్తకము బీరువాలో నున్నదా యని యడిగిరి. లేదు. తెప్పించితిమి. మహాసభ రెండవనాటి మధ్యాహ్నము స్త్రీల సమావేశమున ధనత్రయోదశిని ఆమెయే పైకి చదువుదురు. కన్నులు మసకగా నున్నవని నా మనుమని చేత పెద్ద అక్షరములతో నకలు తీయించుకొనిరి. రెండుమాఱులు నాయొద్ద చదివి చూచుకొనిరి కూడ. పురుషులు కోరినచో వెనుక వరుసలో కూర్చుండవచ్చునని గోష్ఠివారు సెలవిచ్చిరి గనుక నేనును వత్తును. ఆనాటి తాంబూలము సభకు వచ్చిన స్త్రీలందఱికి నీయబడునని వారి కార్యక్రమపత్రమున ముద్రితమైయున్నది.