కలియుగ భీముడి ఛాతీ, మన ల్యాబులో స్ప్రింగులు



కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరు వినని వాళ్లు మన స్కూల్లో ఉండరు. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే పెట్టేరు. ఆయన 1880ల్లో మన కొండల దిగువన వీరఘట్టంలో పుట్టేరు. చిన్నప్పుడే తల్లి పోయింది. విజయనగరంలో పినతండ్రి గారింట పెరుగుతూ కసరత్తు, కుస్తీ నేర్చుకున్నారు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరం తిరిగొచ్చి డ్రిల్లు మాస్టారయ్యేరు. తర్వాత సర్కస్ కంపెనీ పెట్టి ఊరూరా తిరిగేరు. ఛాతీకి ఇనప గొలుసు చుట్టించుకుని, ఊపిరి పీల్చి తెంపేసేవారు. ఛాతీ మీద చెక్క వేయించుకుని, దానిమీద ఏనుగును నిలబెట్టించుకునేవారు.

ఏనుగు సంగతి చెప్తే కొందరు మంత్రమంటారు, కొందరు కట్టుకథంటారు. నేను మాత్రం స్ప్రింగుల లెక్కతో చెప్తాను.

మన ల్యాబులో ఒకే పొడవున్న రెండు స్ప్రింగులున్నాయి. 60 గ్రాములు వేలాడదీస్తే ఒకటి 3 సెం.మీ., రెండోది 2 సెం.మీ. సాగుతాయి. అంటే సెంటీమీటరు సాగడానికి మొదటిదానికి 20, రెండోదానికి 30 గ్రాములు కావాలి. ఇదే వాటి గట్టితనం.

ఒకదాని కింద ఒకటి తగిలిస్తే మొత్తం బరువు రెండూ మోయాలి. సాగుదల 3+2=5 సెం.మీ. గట్టితనం 60ని 5తో భాగిస్తే 12. విడివిడి స్ప్రింగుల కన్నా తక్కువ! లెక్కలో అయితే రెండు గట్టితనాల లబ్ధాన్ని మొత్తంతో భాగించాలి: 600/50=12. ఇది శ్రేణి.

పక్కపక్కన కట్టి, కింది కడ్డీ వంగకుండా చూస్తే బరువు పంచుకుంటాయి. గట్టితనం 20+30=50. సాగుదల 1.2 సెం.మీ. మాత్రమే. ఇది సమాంతరం.

గొలుసు శ్రేణి లాంటిది. లాగుడంతా ప్రతి లింకు మీదా పడుతుంది, బలహీనమైనది తెగిపోతుంది. మన పక్కటెముకలు 12 జతలు పక్కపక్కన ఉన్న స్ప్రింగుల్లాంటివి. చెక్క ఆ కడ్డీ లాగే బరువును అన్నింటికీ పంచుతుంది. దానికి తోడు ఆయనకి ఏళ్ల తరబడి చేసిన కసరత్తు, ప్రాణాయామం ఉన్నాయి.

మొన్న హాస్టల్లో ఇద్దరు తమ్ముళ్లు రుబ్బురోలు పొత్రం గుండెల మీద పెట్టుకోబోయేరు. తమ్ముళ్లూ, రాయి ఒకచోటే ఆనుతుంది. బరువంతా ఒకటి రెండు ఎముకల మీదే పడి విరిగిపోతాయి. ఆ పని చెయ్యకండి!

రామ్మూర్తి గారు 1942లో ఒడిశాలో కన్నుమూసేరు. ఆయన నుంచి మనం తీసుకోవాల్సింది ఏనుగును కాదు, రోజూ పొద్దున్నే లేచి చేసే కసరత్తుని.